మిగతా సగం చెప్పిన మనిషి

ఆమె పోయిందని మా సంఘం కార్యదర్శి ఫోన్ చేసి చెప్పాడు. వెంటనే, "సంతాప సభలో మీరే మాట్లాడాల సార్. అక్క మత్తు మాన్పించేదానికి ఎన్ని బడులు తిరిగిందో, ఎంతమంది తల్లులకు ధైర్యం చెప్పిందో అంతా చెప్పండి. ఆ ఇంకో సంగతి మాత్రం ఇప్పుడెందుకులే" అన్నాడు. ధర్మవరంలో ఆమె శవం ఇంకా ఇంటి ముందరే ఉంది. మేం అప్పుడే ఆమెను సగానికి కోసేశాం.

పోయినవాళ్ళు తిరిగి రారని హిందూపురం నుంచి ధర్మవరం దాకా ఎన్నో వేదికల మీద వాదించినవాణ్ణి నేను. ఆ మాట మీదే ఉన్నాను. అయినా ఈ మధ్య పెనుకొండ కొండ కింద బస్సు మలుపు తిరిగేటప్పుడు ఎవరో నా చొక్కా అంచు పట్టుకుని ఆపినట్టు ఉంటుంది. తిరిగి చూస్తే సీటు రేకు అంచుకు చొక్కా తగులుకుని ఉంటుంది. విడిపించుకుని సర్దుకుంటాను. హేతువు దొరికింది. కానీ గుండె దడ తగ్గడానికి ఆ హేతువు సరిపోదు.

చొక్కా పట్టుకోవడం ఆమె అలవాటు. మగ్గాలున్న ఇంట్లో పుట్టి, మగ్గాలున్న ఇంటికే కోడలుగా పోయింది. ఎవరితో మాట్లాడుతున్నా వాళ్ళ చొక్కా అంచో చీర కొంగో బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలుపుతూ ఉండేది. కలెక్టరాఫీసులో పెద్ద అధికారి చొక్కా కూడా అలాగే పట్టుకుంది. ఆయన వెనక్కి జరిగితే ఆమె ముందుకు జరిగింది, వేళ్ళు మాత్రం వదల్లేదు. హిందూపురంలో నన్ను మొదటిసారి కలిసినప్పుడూ అంతే. గంజాయికి అలవాటుపడ్డవాణ్ణి జైలుకు కాదు, ఆస్పత్రికి పంపాలని నేను గొంతు చించుకుని మాట్లాడి వేదిక దిగాను. అప్పటికి ఆమె ఎవరో నాకు తెలియదు. వచ్చి నా చొక్కా అంచు నలిపి చూసింది.

"మిల్లు గుడ్డ. చేనేత బతకాలని కూడా చెప్తాంటావంట కదా సారూ?"

నేను చొక్కా అంచు వెనక్కి లాక్కున్నాను. ఆమె నవ్వలేదు.

"సరే. మాట్లాడింది బాగుండాది. మిగతాది యాడ?"

"ఏ మిగతాది అమ్మా?"

"తాగేటోన్ని ఆస్పత్రికి పంపాలంటివి. యా తాగేటోన్ని? అది చెప్పలేదు."

ఆ ప్రశ్న నాకు అప్పుడు అర్థం కాలేదు. ఆమె కూడా విడమరిచి చెప్పలేదు. మా సంఘంలో చేరిపోయింది.

మాది చిన్న సంఘం. మత్తుకు బానిసైనవాణ్ణి రోగిగా చూడాలి, నేరస్థుడిగా కాదు, చట్టం మారాలి, ఇదే మా వాదం. ఈ మూడు ఊళ్ళ బడులకూ పోయి పిల్లలతో మాట్లాడేవాళ్ళం. మేం చెప్పేదానికి పిల్లలు ఆవులించేవాళ్ళు. ఆమె లేస్తే మాత్రం నిటారుగా కూర్చునేవాళ్ళు. తన కొడుకు గంజాయికి ఎట్లా తగులుకున్నాడో, ఇంట్లో సామాను ఎట్లా మాయమయ్యేదో, బెంగళూరులో వైద్యం చేయిస్తే ఎట్లా మనిషయ్యాడో చెప్పేది. కొడుకు ఇప్పుడు హిందూపురంలో ఒక ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు అని చెప్పి ఆపేది. టీచర్లు కళ్ళు తుడుచుకునేవాళ్ళు. మా సంఘానికి ఆమె కథే పెద్ద బలం. శిక్ష కాదు, చికిత్స అన్న మా మాటకు ప్రాణమున్న సాక్ష్యం ఆమె కొడుకు.

అందరూ చప్పట్లు కొడుతుంటే ఆమె తలవంచుకుని తన కొంగు అంచే నలుపుకునేది. అది వినయం అనుకున్నాం.

పెనుకొండలో ఒక బడిలో పదో తరగతి అమ్మాయి ఒకతి లేచింది. మాట్లాడటానికి అనుమతి కూడా అడగలేదు.

"మేడమ్, మీ కొడుకును పోలీసులు పట్టుకోలేదా?"

"పట్టుకున్నారమ్మా."

"మరి జైల్లో ఎందుకు వెయ్యలేదు? మా అన్నను వేసినారే."

హెడ్మాస్టరు "కూర్చో, కూర్చో" అన్నాడు. ఆమె ఆ పిల్లను కూర్చోవద్దని చేత్తో సైగ చేసింది. కానీ జవాబు చెప్పలేదు. ఆ పిల్ల నిలబడే ఉంది. గంట కొట్టారు. మిగతా పిల్లలు సంచులు సర్దుకున్నా ఆ ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటూ అట్లాగే ఉన్నారు.

ధర్మవరం బస్సులో ఆమె నాకు మిగతా సగం చెప్పింది.

పట్టుబడిన రోజు ఆమె కొడుకు ఒక్కడే లేడు. వాళ్ళ మగ్గాల మీద నేసే మనిషి కొడుకు కూడా ఉన్నాడు. ఇద్దరూ ఒకే కాలేజీ, ఒకటే స్నేహం. పెనుకొండ కోట దగ్గర, ఒకే బండి మీద, ఒకే పొట్లంతో దొరికారు. ఠాణాలో ఇద్దరినీ ఒకే మాట అడిగారు.

"మీది యా వీధి?"

మా వైపు కులం ఏమిటని ఎవరూ అడగరు. అది మర్యాద కాదు. వీధి అడుగుతారు. అద్దెకు ఇల్లు ఇచ్చేవాడూ, బడిలో చేర్చుకునేవాడూ, మంచినీళ్ళు ఇచ్చేముందు ఇంటావిడా, అందరూ వీధే అడుగుతారు. జవాబు వినగానే మనిషి ఎవరో తేలిపోతుంది. అడిగినవాడు ఎవరినీ ఏమీ అనలేదు. వాడి చేతులు శుభ్రం. చట్టంలో అంటరానితనం నేరమని రాసి ఉంది కాబట్టి మన ప్రాంతం కనిపెట్టిన తెలివైన మందు ఇది. ఆమె కొడుకు పెద్దబజారు వెనక వీధి అన్నాడు. వాడి స్నేహితుడు ఊరి బయట కాలనీ అన్నాడు. అంతే, విచారణ అయిపోయింది. ఒకరి నాయనకు ఫోన్ పోయింది. ఇంకొకరి మీద కాగితం రాశారు.

"రూపాయి కూడా అడగలేదు సారూ" అంది. "నాకు అదే బయం. లంచం తీసుకుని ఉంటే తప్పు చేసినారు అనుకుందును. వాళ్ళు మర్యాద చేసినాం అనుకున్నారు. మా ఇంటాయనకు కుర్చీ వేసి, టీ ఇచ్చి, పిల్లోన్ని జాగ్రత్తగా చూసుకోండి అని చెప్పి పంపించినారు."

"పొట్లం ఎవరి దగ్గర దొరికింది అక్కా?"

ఆమె కిటికీ వైపు తిరిగింది. బస్సు ఆపి ఎవరో గొర్రెల మందను దాటిస్తున్నారు. మంద పూర్తిగా దాటి, బస్సు కదిలాక చెప్పింది.

"నా కొడుకు జేబులో. కాగితం మీద ఆ పిల్లోని జేబులోకి పోయింది."

కోర్టులో ఆ మాట చెప్పేవాళ్ళు ఎవరూ లేకపోయారు. ఆమె భర్త ఆమెను ఇల్లు కదలనివ్వలేదు. కేసు ముగిసేసరికి ఆ పిల్లవాడి చదువు పోయింది. జైలు నుంచి వచ్చి హిందూపురం మార్కెట్ యార్డులో చింతపండు మూటలు మోసే పనిలో చేరాడు. వాడి నాయన ఆమె ఇంట్లో నేయడం మానేశాడు. ఆ మగ్గం అట్లాగే ఉండిపోయింది. నేను వాళ్ళ ఇంటికి పోయినప్పుడు చూశాను. ఆ గది దాటేటప్పుడు ఆమె గొంతు తగ్గించేది, లోపల ఎవరో పనిలో ఉన్నట్టు. ఒకసారి నేను మామూలుగా మాట్లాడితే "మెల్లగా" అంది. లోపల సగం నేసిన బట్ట, దాని మీద దుమ్ము తప్ప ఏమీ లేదు. ఆ తర్వాత నేనూ ఆ గది ముందర గొంతు తగ్గించాను.

"ఆ పిల్లోన్ని నేను ఎప్పుడూ లోపలికి రావద్దని అనలేదు" అంది ఒకసారి. "రమ్మని కూడా అనలేదు. ముందరి కొళాయి కాడే నీళ్ళు తాగి పోతాండె. ఎవరు నేర్పించినారు వానికి, ఆడనే నిలబడాలని? నేను నేర్పించలేదు. ఎవరూ నేర్పించకపోతే వానికి ఎట్లా తెలుసు? ఇది బడిలో చెప్పాల సారూ."

పెనుకొండ అమ్మాయి ప్రశ్న తర్వాత ఆమె ముందుగా హిందూపురం యార్డుకు పోయింది. నేనూ వెంట ఉన్నాను. ఆ పిల్లవాడు, పిల్లవాడేమిటి, గడ్డం పెరిగిన మనిషి, మూట దించి గమేళాలో చేతులు కడుక్కున్నాడు. ఆమె చొక్కా అంచు కోసం చెయ్యి చాపి, మళ్ళీ వెనక్కి తీసుకుంది. ఎవరి చొక్కా అయినా పట్టుకునే మనిషి వెనక్కి తగ్గడం నేను చూసింది ఆ ఒక్కసారే.

"బడుల్లో జరిగింది జరిగినట్టు చెప్పాలనుకుంటాండా. నువ్వు ఒప్పుకుంటేనే చెప్తా" అంది.

"చెప్తే నా కేసు పోతాదా?"

"పోదు నాయనా."

"మరి నన్నెందుకు అడుగుతాండావు? నీ కొడుకును అడుగు పో."

"వాన్ని అడిగేది తర్వాత. ముందు నిన్ను అడగాల."

అతడు తడి చేతులు తుడుచుకున్నాడు. "నా పేరు చెప్పొద్దు. మా నాయన పేరు చెప్పొద్దు, మా కాలనీ పేరు చెప్పొద్దు. నా పేరు ఇప్పటికే చానామంది చదివినారు. నీ కొడుకు సంగతి చెప్పుకో" అని, ఇంకో మూట కిందికి వీపు వంచాడు. ఈ వ్యాసంలో నేను పాటిస్తున్నది కూడా ఆ షరతే.

తర్వాత మా సంఘం కూర్చుంది. కూర్చున్నవాళ్ళంతా మంచివాళ్ళు. గంజాయి తాగినవాణ్ణి కూడా మనిషిగా చూడాలని ఊళ్ళో తిట్లు తిన్నవాళ్ళు. అయినా ఆమె తన మాట చెప్పగానే గదిలో గాలి మారిపోయింది.

రిటైర్డ్ హెడ్మాస్టరు మా అధ్యక్షుడు. "పిల్లలకు కులం తెలీదమ్మా. లేనిది మనం ఎందుకు నేర్పించాల?" అన్నాడు.

"తెలీదా సారూ? మధ్యాన్నం బువ్వ కాడ ఎవరి పక్కన ఎవరు కూచుంటారో ఒకసారి చూసి రాండి. ఎవరూ చెప్పకుండానే వరసలో కూచుంటారు. మీరు లెక్కలు అంత బాగా నేర్పించింటే బాగుండు."

అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వాడు, తర్వాత ముఖం ముడుచుకున్నాడు.

మత్తు మాన్పించే వైద్యుడు మాలో అందరికంటే నెమ్మదైన మనిషి. "అక్కా, మనకు చట్టం మారేది ముఖ్యం. దానికి అన్ని వీధులవాళ్ళూ కావాల. నువ్వు ఈ మాట ఎత్తితే సగం మంది దూరమైతారు. ముందు జైలు సంగతి చూద్దాం. కులం సంగతి ఆమైన చూద్దాం" అన్నాడు.

"జైలు తీసి ఆస్పత్రి పెడతారు, సరే. ఆస్పత్రికి ఎవరిని పంపాలో యా వీధి అని అడిగే కదా పంపిస్తారు? నా కొడుకుకు మీ కొత్త చట్టం అప్పుడే దొరికింది డాక్టరూ. ఆ పిల్లోనికే దొరకలేదు."

సోషల్ టీచరు, చిన్న వయసు అమ్మాయి, కాలనీ నుంచే చదువుకుని వచ్చింది. ఆమె చెప్పింది మాత్రం మమ్మల్ని ఆలోచనలో పడేసింది. "నేను చదివేటప్పుడు అంటరానితనం పాఠం వచ్చిందంటే క్లాసంతా నా దిక్కు తిరిగేది అక్కా. ఆ పాఠం రోజు బడికి పోబుద్ధి కాకపోతాండె. మళ్ళీ ఆ పిల్లలందరినీ నిలబెడతావా?"

ఆమె లేచి వెళ్ళి ఆ అమ్మాయి పక్కన కూర్చుని చీర అంచు వేళ్ళ మధ్యకు తీసుకుంది.

"నిజమే తల్లీ. నువ్వు చెప్పింది పుస్తకాల్లో పాఠం. వాళ్ళకు ఎంత నష్టమైందో చెప్పే పాఠం. నేను చెప్పేది నాకు ఎంత కలిసొచ్చిందో. చూస్తే నా దిక్కు చూస్తారు. చూడనీ."

ఇన్నేళ్ళుగా వివక్ష గురించి నేను రాసిన వ్యాసాలన్నీ పక్కన పెట్టినా ఆ మాటల బరువుకు తూగవు. మన బడిపుస్తకాల్లో బాధితుడు ఉంటాడు, సంస్కర్త ఉంటాడు. లాభం పొందినవాడు ఎక్కడా ఉండడు. గ్లాసు వేరుగా పెట్టినట్టు చెబుతారు, ఎవరు పెట్టారో చెప్పరు. ఎవరూ చేయని నేరం అది, దానంతట అదే జరిగి, దానంతట అదే పోయింది! కులం గురించి చెబితే కులం పెరుగుతుందనేవాళ్ళను నేను ఆ రోజే అడిగాను, ఇప్పుడూ అడుగుతున్నాను. మలేరియా పాఠం చెప్పినందుకు ఏ ఊళ్ళో దోమలు పెరిగాయి?

నా వాదం ఓడిపోయింది. సంఘం పేరుతో ఆ రెండో సగం చెప్పకూడదని తీర్మానం అయింది. ఆమె, నేను, సోషల్ టీచరు ఒప్పుకోలేదు. "సరే, సంఘం పేరుతో చెప్పను. నా పేరుతో చెప్తా" అని ఆమె చెప్పులు వేసుకుంది.

ఆ మాట కొడుకు చెవిన పడటానికి ఎంతోసేపు పట్టలేదు. ధర్మవరం బడిలో ఆమె మాట్లాడే రోజు పొద్దున్నే వచ్చాడు. నేను వసారాలో కూర్చుని ఉన్నాను. వాడు నన్ను పట్టించుకోలేదు.

"ఎవరికి లాభం మా, నువ్వు చెప్తే? వాడు తిరిగి కాలేజీకి పోతాడా?"

"పోడు."

"నేను మానేసినా కదా. మంచిగా పని చేసుకుంటాండా కదా. నాకు పెండ్లి సంబంధాలు వస్తాండేది నీకు తెలీదా?"

"తెలుసు."

"తెలిసీ నన్ను నలుగురిలో నిలబెడతావా?"

"నిన్ను కాదు. నేను నిలబడతాండా."

"పొట్లం నా జేబులో ఉండె అంటే నన్ను కాకుండా ఎవర్ని నిలబెట్టినట్ల?" వాడు ఒక అడుగు ముందుకు వేశాడు. "చెప్పినావంటే నాతో మాట్లాడొద్దు మా. నేను కూడా మాట్లాడను. ఇంతే."

ఆమె లోపలికి పోయి వాడికి రాగిసంగటి, పప్పు పెట్టి తెచ్చింది. వాడు తినలేదు. పళ్ళెం అరుగు మీద పెట్టి, మూత వేసి, ఆమె బడికి బయలుదేరింది.

తొమ్మిది, పది తరగతులను ఒక గదిలో కూర్చోబెట్టారు. ఆమె మొదటి సగం ఎప్పటిలాగే చెప్పింది. బెంగళూరు వైద్యం దాకా వచ్చి ఆగింది. నేను తలుపు వైపు చూశాను. కొడుకు వచ్చి గడప బయట నిలబడి ఉన్నాడు. ఆమె కూడా చూసింది. బల్ల అంచు పట్టుకుంది.

"నా కొడుకును ఎందుకు జైల్లో వెయ్యలేదో ఎవరూ అడగలేదే?" అంది పిల్లలతో.

అప్పుడు చెప్పింది. బండి ఒకటి, పొట్లం ఒకటి, మనుషులు ఇద్దరు, అడిగిన మాట ఒకటి. తమది ఏ వీధో చెప్పింది. ఆ వీధి పేరు చెబితే ఇంతవరకు తనకు ఎక్కడెక్కడ తలుపులు తెరుచుకున్నాయో చెప్పింది. రెండో పిల్లవాడిది ఏ ఊరో, ఏ వీధో చెప్పలేదు. పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. అందరూ ఆమెనే చూశారు. "పొట్లం దొరికింది నా కొడుకు జేబులో" అన్నప్పుడు గొంతు ఏ మాత్రం తగ్గించలేదు.

వెనక బెంచీలోంచి ఒకడు అడిగాడు. "మరి మీ కొడుకు ఇప్పుడు మీతో మాట్లాడతాడా అవ్వా?"

గడప దగ్గర ఎవరూ లేరు.

"అది నాకు తెలీదు నాయనా" అంది.

కొడుకు ఆ తర్వాత ఆమెతో మాట్లాడలేదు. ఆమె ఇంకా కొన్ని బడులు తిరిగింది. కొన్ని బడులు రానివ్వలేదు. ఒక బడిలో తల్లిదండ్రులు గొడవ చేస్తే మధ్యలోనే దిగి వచ్చేసింది. కొడుకు నెలనెలా వచ్చి మందులు అరుగు మీద పెట్టి పోయేవాడట. "మా" అని పిలిచేవాడు కాదు. అలికిడి విని ఆమె లోపలినుంచి వచ్చేసరికి మందులు మాత్రమే ఉండేవి.

సంతాప సభ ధర్మవరంలో ఒక చిన్న హాల్లో పెట్టారు. కొడుకు బయటే నన్ను ఆపాడు. గుండు చేయించుకుని ఉన్నాడు.

"సార్, నాకు సంబంధం కుదిరింది. వాళ్ళు కూడా వచ్చినారు. ఆ మాట ఎత్తొద్దండి. పోయిన మనిషి గురించి మంచి చెప్పండి."

"మంచే చెప్తాను నాయనా" అన్నాను. "నాకు తెలిసిన ఆమె మంచి అదే."

వాడు నా ముఖం చూసి పక్కకు తొలిగాడు. కార్యదర్శి, వైద్యుడు ఆమె సేవ గురించి మాట్లాడారు. అన్నీ నిజాలే. నేను లేచి రెండో సగం చెప్పాను. ఆమె చెప్పినంతే, ఆమె చెప్పినట్టే. చప్పట్లు లేవు. అధ్యక్షుడు గబగబా మౌనం పాటించమన్నాడు. జనం లేచి, నన్ను దాటి, ఆమె ఫోటోకు దండం పెట్టి వెళ్ళిపోయారు.

కొడుకు మొదటి వరుసలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉండిపోయాడు. పెళ్ళికూతురి నాయన బయటికి పోయి ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతున్నాడు. ఆ అమ్మాయి మాత్రం కదల్లేదు. ముదిగుబ్బ దగ్గర ఊరు, నర్సింగ్ చదివిందని తర్వాత తెలిసింది. వాడి దగ్గరికి వచ్చి నిలబడింది.

"ఆ ఇంకో ఆయన ఇప్పుడు యాడుండాడు?"

మా సంఘంలో, ఇన్నేళ్ళలో, ఇన్ని తీర్మానాలలో, ఆ మాట అడిగినవాళ్ళు ఒక్కరూ లేరు. వాడు నావైపు చూశాడు. అది నేను చెప్పవలసిన జవాబు కాదు.

"హిందూపురంలోనే" అన్నాడు చివరికి. "రోజూ కనపడతాడు."

ఆ అమ్మాయి కుర్చీ ఒకటి లాక్కుని వాడికి ఎదురుగా కూర్చుంది.